ఎంగిలి చేతి సాక్ష్యం

నారాయణ ఎవరినీ నమ్మడు. ఈ మాట ఆయన వెనకాల చెప్పుకోవాల్సిన పని లేదు, ముఖం మీదే అనొచ్చు. విని సంతోషిస్తాడు. పాలవాడు క్యాన్ వంచేటప్పుడు వాడి బొటనవేలు గ్లాసు లోపల ఉందా బయట ఉందా అని చూస్తాడు. బస్సులో పక్కన కూర్చున్న మనిషి నవ్వి పలకరిస్తే జేబు తడుముకుంటాడు. నవ్వకపోతే ఇంకా గట్టిగా తడుముకుంటాడు. గుడికి పోతే ఒక చెప్పు తూర్పు గోడ కింద, రెండో చెప్పు పడమటి గోడ కింద విడుస్తాడు. ఒంటి చెప్పును ఏ దొంగా ఎత్తుకుపోడని ఆయన నమ్మకం. ఆయనకున్న నమ్మకాల్లో అదొక్కటే గట్టిది.

ఈ గుణం ఆయనకు ఊరికే రాలేదు. పులివెందుల దగ్గర వాళ్ళకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. తండ్రి బతికినన్నాళ్ళు గట్టు తగాదాలతో కోర్టు మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు. సాక్షి అనేవాడు ఎలా పుడతాడో, ఎలా మాట మారుస్తాడో నారాయణ పిల్లప్పుడే చూశాడు. ఎదుటి పక్షం సాక్షిని దారికి తెచ్చుకోవడానికి తండ్రి దగ్గర ఒక పద్ధతి ఉండేది. ముందు ఇంటికి పండ్లు పంపాలి. పిమ్మట దారిలో కనిపించినప్పుడల్లా పలకరించాలి. దానికీ లొంగకపోతే రాజీ మాట ఎత్తాలి. అంతకు మించిన నాలుగో మెట్టు కూడా ఉండేదంటారు గానీ, దాని సంగతి తండ్రి కొడుకుకు నేర్పలేదు. నేర్పకపోవడమే మంచిదయింది.

భార్య పెంచలమ్మ ఆరోగ్యం కోసమని నారాయణ ప్రొద్దుటూరుకు మారాడు. ఊరి బయట జమ్మలమడుగు రోడ్డు పక్కన కొత్తగా వేసిన ప్లాట్లలో ఇల్లు కట్టుకున్నాడు. తోట పని మీద పులివెందులకు వారం వారం పోయి వస్తుంటాడు. పక్కిల్లు దయానందం సారుది. జమ్మలమడుగులో మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, తాతల నాటి క్రైస్తవులు, చర్చి కమిటీలో పెద్ద. ఆయన భార్య వరమ్మ. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఈ పక్క తులసికోట, ఆ పక్క గుమ్మం మీద బైబిల్ వాక్యం.

ఆచారం మాటకొస్తే ఎవరూ ఎవరికీ తీసిపోరు. పెంచలమ్మ శుక్రవారం దీపాలు పెట్టే వేళ దాటితే గోడ మీదుగా చిటికెడు ఉప్పు కూడా ఇవ్వదు. వరమ్మ ఇంట్లో సీరియల్ పాట వినపడితే అది పక్కింటి టీవీదే అయుండాలి. ఈ ఇంటినుంచి ఏ తినుబండారం పోయినా వరమ్మ గిన్నె మూత తీయకముందే దేవునికి పెట్టారా అని అడుగుతుంది. పెట్టలేదంటేనే పుచ్చుకుంటుంది. పెట్టలేదని చెప్పినవాళ్ళ ముఖం కూడా ఒకసారి చూసుకుంటుంది. ఏళ్ళ తరబడి ఈ రెండిళ్ళ నడుమ కరివేపాకు, తోడు పెరుగు, నిచ్చెన, పెళ్ళిపత్రికలు అన్నీ అటూ ఇటూ తిరిగాయి. తిరగనిది నమ్మకం ఒక్కటే.

ఇన్ని అనుమానాల్లో నారాయణను లోపల్లోపల తినేసే అనుమానం వేరే ఉంది. అది సొంత భార్య మీద. పెంచలమ్మ ఆయనను ఏమీ అడగడం లేదు.

ఒకప్పుడు ఆమె అడిగినట్టు పోలీసులు కూడా అడిగేవాళ్ళు కాదు. యాడికి పోతాండావు, ఎవురితో పోతాండావు, ఎప్పుడొస్తావు, వచ్చేటప్పుడు ఏ బస్సుకొస్తావు, ఆ బస్సు తప్పిపోతే యాడుంటావు. గడప దాటేలోగా ఇవన్నీ పూర్తయ్యేవి. ఇంటికొచ్చాక అవే ప్రశ్నలు తిరగేసి అడిగేది. అనుమానం విషయంలో మొగుడికి తగిన పెళ్ళాం. అలాంటిది కాశీకి పోయి వచ్చినప్పటినుంచి నోరు కట్టేసినట్టయింది. సంచి భుజాన వేసుకుని బయలుదేరితే చూస్తుంది, ఊరుకుంటుంది. అడిగే మనిషి అడగడం మానేసిందంటే దాని అర్థం ఒకటే అని నారాయణ తేల్చుకున్నాడు. ఎవరో చెప్తున్నారు. ఎవరో అన్నీ ఆమె చెవికి మోస్తున్నారు. ఆమె స్నానానికి పోయినప్పుడు ఫోన్ తీసి చూసేవాడు. అందులో చెల్లెలి ఫోన్లు, గ్యాస్ కంపెనీ మెసేజీలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఏమీ లేకపోవడం ఆయనను ఇంకా భయపెట్టింది.

భయపడడానికి కారణం ఉంది మరి.

పెంచలమ్మకు తిరుపతిలో పెద్ద ఆపరేషన్ అయింది. ఆమెను లోపలికి తీసుకుపోయి తలుపు మూశాక, ఎవరినీ నమ్మని నారాయణ ఆ తలుపు ముందర నిలబడి దేవుణ్ణి నమ్మాడు. ఆమె బతికి బయటికొస్తే కాశీకి పోయి మాంసం వదిలేస్తానని మొక్కాడు. కాశీకి పోయినవాళ్ళు ఇష్టమైనది ఏదో ఒకటి గంగలో వదిలి రావాలి, మళ్ళీ జన్మలో ముట్టకూడదు. లోకులు తెలివైనవాళ్ళు, ఎలాగూ నోటికి హితవు కాని కాకరకాయనో సొరకాయనో వదిలి వస్తారు. నారాయణ మోసం చేయలేదు. ప్రాణంతో సమానమైనదాన్నే వదిలాడు. ఆయనకు సద్ది సంగటిలోకి కూడా మాంసం తునక ఉండాల్సిందే. పెంచలమ్మ కూడా మునిగి ఏదో వదిలింది. ఏమిటని అడిగితే, మనసులోనే అనుకుని వదిలినాను, బయటికి చెప్పకూడదంట అంది. ఆ తర్వాత ఇంట్లోకి కాకరకాయ రాలేదు కాబట్టి అదే అయుంటుందని ఆయన అనుకున్నాడు.

వదిలిన మాట కొన్నాళ్ళు నిలబడింది. ఒకరోజు పులివెందులనుంచి వస్తూ ఎర్రగుంట్లలో బస్సు మారాల్సి వచ్చింది. సిమెంటు లారీలు వరస కట్టిన రోడ్డు పక్కన ఇనాయతుల్లా హోటల్ ఉంది. ఆ హోటల్లో బోటీ కూర తప్ప వేరే కూర వండరు, వండాల్సిన అవసరం కూడా వాళ్ళకు ఎప్పుడూ రాలేదు. గాలి ఇటు తిరిగింది. నారాయణ కాళ్ళు అటు తిరిగాయి. ఆరోజు తిని, బయటికొచ్చి, లెంపలు వేసుకున్నాడు. మరుసటి వారం లెంపలు ముందే వేసుకుని లోపలికి పోయాడు. అటు పిమ్మట అది అలవాటయింది. తలుపు పక్కన తెర వెనక బల్ల దగ్గర కూర్చుంటాడు. అక్కడినుంచి రోడ్డు మీద మనుషులు కనిపిస్తారు గానీ రోడ్డు మీదివాళ్ళకు తాను కనపడడు. తిన్నాక చీనీకాయ తొక్క ఒలిచి చేతికీ మూతికీ బాగా రుద్దుకుంటాడు. ఇంటికొచ్చేసరికి మనిషి తోట మాదిరి ఘుమఘుమలాడుతుంటాడు. పెంచలమ్మ ఆ వాసన పీల్చి ఏమీ అడగదు.

మాట తప్పినందుకు దేవుడు ఏమంటాడో అని నారాయణకు పెద్ద బెంగ లేదు, దేవుడితో ఎలాగో సర్దుకోవచ్చు. బెంగంతా పెంచలమ్మ గురించే. తన ప్రాణం మొగుడి మొక్కు మీద నిలబడిందని ఆమె అందరితో చెప్పుకుంటుంది. మా ఆయన నాకోసం నోరు కట్టుకున్నాడని చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోతుంది. ఆ మొక్కు ఎర్రగుంట్ల రోడ్డు పక్కన ఎప్పుడో తెగిపోయిందని తెలిస్తే ఆ ముఖం ఏమవుతుందో ఆయన ఊహించలేడు. నిజం చెప్పాలంటే ఆయనకు ఈ భూమ్మీద ఉన్న అసలైన భయం అదొక్కటే.

ఇక జరిగింది చెప్తాను. ఎండలు ముదురుతున్న కాలం, క్రైస్తవులకు శ్రమదినాలు నడుస్తున్నాయి. ఆ నలభై రోజులూ దయానందం సారింట్లో నీసు వాసన రాదు. నారాయణ ఎప్పటిలాగే తెర వెనక కూర్చుని తింటుంటే, హోటల్ ముందర రోడ్డు మీద తెల్ల చొక్కాతో దయానందం సారు ప్రత్యక్షమయ్యాడు. చుట్టాన్ని రైలెక్కించి ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడి ఉన్నాడు. నారాయణ గతుక్కుమని ముఖం కంచంలోకి వంచాడు. సారు ఇటు చూడలేదు, ఫోన్‌లో మాట్లాడుతున్నాడు, చర్చి పాటల గురించి ఏదో గట్టిగా చెప్తున్నాడు. అంతలో వెనకనుంచి సిమెంటు లారీ ఒకటి రివర్సులో రాసాగింది. క్లీనర్ ఎక్కడున్నాడో ఏమో, కేక లేదు. సారు ఫోన్‌లో ఉన్నాడు, లారీ వస్తోంది.

అప్పుడు నారాయణ ఏమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే తప్పకుండా అనుమానపడేవాడు. కంచం ముందరినుంచి లేచి ఒక్క ఉరుకు ఉరికి సారు భుజం పట్టి ఇవతలికి గుంజాడు. ఇద్దరూ మట్టిలో పడ్డారు. లారీ సారు నిలబడిన చోటు తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. లేచి చూసుకుంటే దయానందం సారు తెల్ల చొక్కా భుజం మీద ఎర్రగా నాలుగు వేళ్ళ అచ్చు పడి ఉంది. నారాయణ చేతికి బోటీ కూర ఇంకా కారుతోంది. సారు చొక్కా చూశాడు, చెయ్యి చూశాడు, గాలి పీల్చాడు.  బస్సొస్తే ఇద్దరూ ఎక్కి చెరో సీటులో కూర్చున్నారు. ప్రొద్దుటూరులో దిగేటప్పుడు నారాయణ మెల్లగా దగ్గరికి పోయాడు.

"సారూ, మీరు నన్ను ఆడ చూడలా."

"నేను చూడకున్నా దేవుడు చూసినాడు గదప్పా" అన్నాడు దయానందం. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ మాట కృతజ్ఞతతో అన్నాడు. నారాయణకు అది బెదిరింపుగా వినపడింది.

అక్కడినుంచి కథ చొక్కా మీదికి పోయింది. వరమ్మ ఆ మరకను సబ్బుతో, సోడాతో, నిమ్మచెక్కతో రుద్దింది. అది పోలేదు. రుద్దేకొద్దీ ఆమె అనుమానమే తెల్లగా బయటపడింది. శ్రమదినాల్లో చర్చి పెద్ద చొక్కా మీద బోటీ మసాలా ఎట్లా పడింది? సారు అబద్ధం ఆడలేడు, నిజం చెప్పడానికి మనసు రాదు. ఎవురిదో చెయ్యి తగిలింది అన్నాడు. ఎవురి చెయ్యి అంటే నేల చూపులు చూశాడు. దానికి తోడు కమిటీలో ఇంకో పెద్ద యేసుబాబు, ఎర్రగుంట్లలో పని చేస్తాడు, సారును హోటల్ ముందర చూశానని చర్చిలో ఇద్దరి చెవిన వేశాడు. ఇద్దరి చెవిన వేస్తే ఊరందరికీ వేసినట్టే. ముప్పై ఏళ్ళు పిల్లలకు నిజమే చెప్పాలని నేర్పిన మనిషి ఆదివారం బెంచీ మీద తలవంచుకుని కూర్చునే పరిస్థితి వచ్చింది.

ఒకరోజు పొద్దున నారాయణ గోడ పక్కన మునగకాయలు కోస్తుంటే అవతల మాటలు వినపడ్డాయి. వరమ్మ ఏదో నిలదీస్తోంది. సారు గొంతు ఎప్పుడూ లేనంత గట్టిగా ఉంది.

"వచ్చే ఆదివారం మన మిద్దె మీద ప్రార్థన కూడిక ఉండాది గదా. ఆడ సాక్ష్యం చెప్తా. ఎర్రగుంట్లలో ఏం జరిగిందో అందరి ముందర మైకులో చెప్తా. ఇంగ దాచిపెడితే పాపం."

నారాయణ చేతిలోని దోటి జారిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చొక్కా భుజం తడుముకున్నాడు. సాక్ష్యం! ఆ మాట ఆయన కోర్టులో తప్ప ఇంకెక్కడా వినలేదు. మిద్దె మీద, మైకులో, అందరి ముందర. గోడకు ఈ పక్క కూర్చున్నా పెంచలమ్మకు ప్రతి అక్షరం వినపడుతుంది.

తండ్రి నేర్పిన విద్య గుర్తు తెచ్చుకున్నాడు. మొదటి మెట్టు, పండ్లు. తోటనుంచి మేలైన చీనీకాయలు గంపకు ఎత్తించి సారింటికి పంపాడు. వరమ్మ మామూలుగా దేవునికి పెట్టారా అని అడిగింది. పెట్టలేదన్నాడు. అయితే మరి ఊరికే ఎందుకిచ్చినారు అంది. మొక్కుబడివైతే ఒక బాధ, కాకపోతే ఇంకో బాధ. చివరికి ఉప్పునీళ్ళలో కడిగి, ఒకటి కోసి ముందు మొగుడికి పెట్టి, ఆయన బాగున్నాడని నిదానంగా చూసుకుని అప్పుడు తాను తిన్నది.

రెండో మెట్టు, పలకరింపు. ఏనాడూ గేటు దగ్గర నవ్వని నారాయణ రోజూ పొద్దున్నే, బాగుండారా సారూ అని అడగసాగాడు. పేపరు తీసి చేతికిచ్చాడు. బండి మీద ఎక్కించుకుని చర్చి దాకా దింపి వచ్చాడు. నువ్వొకందుకు పోస్తే నేనొకందుకు తాగానన్నట్టు, ఈయన మనసు వాక్యం వైపు తిరుగుతోందని సారు మురిసిపోయాడు. బండి దిగి, భుజం మీద చెయ్యేసి, ఎంతో ప్రేమగా అడిగాడు.

"నారాయణప్పా, నీకు రక్షణ దొరికిందా?"

సారు లెక్కలో రక్షణ అంటే పాపాలనుంచి విముక్తి. నారాయణ వైపు రక్షణ అంటే తుపాకీ పట్టుకుని వెంట తిరిగే పోలీసు. నాకెందుకు సారూ రక్షణ, ఎవురన్నా ఏమన్నా అంటాండారా అని అడిగాడు. అది అందరికీ అవసరమేనప్పా, రేపు ఏమైతాదో ఎవురికి తెలుసు అని సారు శాంతంగా చెప్పి లోపలికి పోయాడు. ఇంటికొచ్చేదాకా నారాయణ బండి అద్దంలో వెనక్కు చూసుకుంటూనే ఉన్నాడు.

మిగిలింది మూడో మెట్టు. వరమ్మ లేని సమయం కనిపెట్టి సారింటికి పోయి, రాజీ పడదామని సూటిగా అన్నాడు. సారుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాపుకోవడం చేతకాలేదు. సాక్ష్యమంటే కోర్టు సాక్ష్యం కాదు, దేవుడు తనకు చేసిన మేలు పదిమందిలో చెప్పుకోవడం అని వివరించాడు. నారాయణ నమ్మలేదు. కేసు లేకుండా సాక్ష్యమేమిటి, ఎదురు పార్టీ ఎవరు అని అడిగాడు. సాతాను అన్నాడు సారు. మరి అడ్డప్రశ్నలు ఎవరేస్తారంటే, మా కూడికల్లో అడ్డప్రశ్నలు ఉండవప్పా అని నమ్మకంగా చెప్పాడు. పాపం, ఇంట్లో వరమ్మను పెట్టుకుని ఆ మాట అన్నాడు.

అప్పుడు నారాయణ ఒలిచిన చీనీకాయలా ఉన్నదున్నట్టు బయటపడ్డాడు. ఆపరేషన్, మొక్కు, కాశీ, అన్నీ చెప్పాడు.

"నేను మాట తప్పినానని తెలిస్తే ఆమె ఏమైతాదో నాకు భయం సారూ. నన్ను తిడితే పడతా. తిట్టదు. అదే నా భయం."

 దయానందం పరువు నిలబడాలంటే నారాయణ పేరు చెప్పాలి. పేరు చెప్తే తన ప్రాణం నిలబెట్టిన మనిషి ఇల్లు కూలుతుంది. "నీ పేరు చెప్పనప్పా" అన్నాడు చివరికి. "హోటల్ మాట గూడా ఎత్తను. అబద్ధం మాత్రం చెప్పలేను." నారాయణ తలూపి వచ్చాడు గానీ నమ్మలేదు. సాక్షుల మాటలు ఆయన ఎన్నిసార్లు వినలేదు!

ఆదివారం పెంచలమ్మను పులివెందులకు తీసుకుపోవాలని చూశాడు. వరమ్మ పిలిచింది, పోకుంటే బాగుండదు అంది ఆమె. ఉన్నట్టుండి ఈ ప్రయాణమేమిటని మాత్రం అడగలేదు. సాయంత్రం ఇద్దరూ పోయారు. పెంచలమ్మ ముందు వరసలో జంపఖానా మీద కూర్చుంది. నారాయణ ఒక చెప్పు మెట్ల కింద, ఒక చెప్పు మిద్దె మీద విడిచి, దిగిపోవడానికి వీలుగా మెట్ల పక్కన నిలబడ్డాడు. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. దయానందం సారు ఇస్త్రీ చేసిన ఆ మరక చొక్కానే చేతిలో పట్టుకుని మైకు దగ్గరికి వచ్చాడు.

చెప్పినట్టే చెప్పాడు. ఎర్రగుంట్లలో రోడ్డు పక్కన నిలబడ్డానని, లారీ వచ్చిందని, చావు నా వీపు దాకా వచ్చిందని, దేవుడు ఒక మనిషిని పంపాడని. ఆ మనిషి తింటున్న అన్నం వదిలి, చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చి గుంజాడని. చొక్కా ఎత్తి చూపించాడు. ఈ నాలుగు వేళ్ళ అచ్చు నాకు సాక్ష్యమని చెప్పాడు. జనం స్తోత్రం అన్నారు. నారాయణ ఊపిరి వదిలాడు. అయిపోయిందనుకున్నాడు.

వరమ్మ లేచి నిలబడింది.

"ఎవురా మనిషి?"

 పేరు లేని పుణ్యాత్ముడు ఎక్కడినుంచి ఊడిపడ్డాడు, ప్రాణం కాపాడిన వాడి పేరు అడగకుండా ఎవరైనా ఇంటికొస్తారా అని ఆమె అందరి ముందరా అడిగింది. వెనకనుంచి యేసుబాబు, అదే నేనూ అనుకుంటాండా అన్నాడు.  నాకు ఆ పేరు తెలుసు, చెప్పనని మాటిచ్చినాను అన్నాడు సారు. జనంలో గుసగుసలు లేచాయి. ఎవరో ముసిముసిగా నవ్వారు కూడా. మైకు ముందర ఆ ముసలాయన మరక చొక్కా పట్టుకుని, శిక్ష పడిన బడిపిల్లాడిలా నిలబడ్డాడు. నారాయణ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే జనం కూడా చూస్తారని.

నారాయణ తన జన్మలో మాట మార్చిన సాక్షులను చూశాడు. పండ్లకు మార్చినవాళ్ళను, పలకరింపుకు మార్చినవాళ్ళను చూశాడు. ఇచ్చిన మాట కోసం పరువు పోగొట్టుకుంటూ నిలబడినవాణ్ణి ఎప్పుడూ చూడలేదు. మెట్లు పక్కనే ఉన్నాయి. దిగిపోతే ఎవరూ ఆపరు. ఆయనకు లోపల ఏదో మండింది, కోపమో సిగ్గో ఆయనకే తెలియలేదు.

"ఆ చెయ్యి నాది" అన్నాడు.

అందరూ తిరిగారు. మైకు లేకుండానే ఆయన గొంతు గోడ అవతలికి వినపడింది. "ఆ పొద్దు ఇనాయతుల్లా హోటల్లో నేను బోటీ కూర తింటాన్నా. సారు తినలా. హోటల్లోకి గూడా రాలా. నా ఎంగిలి చెయ్యే ఆయన చొక్కాకు అంటింది. కాశీలో వదిలొచ్చిన కూర అది. వారం వారం తింటాండా." అని ఆగాడు. ఇంకా ఏమైనా చెప్పాలేమోనని వెతుక్కున్నాడు. "అంతే" అన్నాడు.

 ముందు ఎవరో స్తోత్రం అన్నారు, వెంటనే అందరూ అన్నారు. తప్పు ఒప్పుకున్నవాడికి జేజేలు కొట్టే కోర్టు నారాయణ ఎక్కడా చూడలేదు. ఇందులో ఏదో మెలిక ఉందని ఆ కష్టంలో కూడా ఆయనకు అనుమానం వచ్చింది. దయానందం కళ్ళు తుడుచుకుంటున్నాడు. వరమ్మ చొక్కా లాక్కుని మరక దగ్గరగా చూసి, బోటీనే అని నేను మొదటినుంచీ చెప్తాండా అని కూర్చుంది. నారాయణ ముందు వరస వైపు చూడకుండా మెట్లు దిగాడు.

కింద ఒక చెప్పు దొరికింది. రెండోది మిద్దె మీద ఉండిపోయింది. ఒంటి చెప్పుతోనే గేటు దాటి ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి పెంచలమ్మ వచ్చింది. ఆమె చేతిలో రెండో చెప్పు ఉంది. దాన్ని మొదటిదాని పక్కన పెట్టి లోపలికి పోయి సంగటి, పప్పు వడ్డించి పిలిచింది. ఆయన కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. ఆమె ఏమీ అడగలేదు. ఇంత జరిగాక కూడా అడగలేదు.

"అడగవా?" అన్నాడు ఉండబట్టలేక.

"ఏంది అడిగేది?"

"ఏందో ఒకటి. యాడికి పోతాండానో, ఏం తింటాండానో. కాశీకి పోయొచ్చినాంక నువ్వు నన్ను ఒక్క మాట గూడా అడగలా."

"వదిలేసినా గదా" అంది పెంచలమ్మ, నీళ్ళ చెంబు ముందుకు జరుపుతూ.

"ఏంది వదిలింది?"

"అడగడమే. అందరూ కాకరకాయలు, సొరకాయలు వదుల్తాండారు. ఇష్టమైంది వదలాలని గదా చెప్పింది. నిన్ను అడగడం కంటే నాకు ఇష్టమైంది ఏముండాది?"

నారాయణ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఆపరేషన్ గదిలోకి పోయేటప్పుడు ఆమె కూడా ఒక మొక్కు మొక్కిందట. బతికొస్తే ఈ మనిషిని మళ్ళీ ప్రశ్నలతో కొరుక్కు తిననని. చీనీ తొక్క వాసన కింద మసాలా వాసన మొదటి వారమే తెలిసిందట. అడగాలని నాలుక కొసకు వచ్చేదట, మింగేసేదట. రోజూ మింగిందట. అవన్నీ ఆమె తిట్టినట్టు చెప్పలేదు, ఏడ్చినట్టు చెప్పలేదు. మామూలుగా చెప్పింది.

"నువ్వు వదిలింది నువ్వు మళ్ళా పట్టుకుంటివి. నేను వదిలింది నేను పట్టుకోలా" అంది. "తిను, సల్లారిపోతాది."

నారాయణకు ఏడుపొచ్చింది. ఆమె ఫోన్ తీసి చూసిన రోజులన్నీ గుర్తుకొచ్చాయి. ఎవరో మోస్తున్నారని, ఏదో దాస్తోందని ఇన్నేళ్ళు ఆమె మౌనాన్ని దొంగసొత్తులా సోదా చేశాడు. అది తనకోసం మొక్కిన మొక్కని ఒక్కనాడూ తోచలేదు. ఎవరినీ నమ్మని మనిషికి నమ్మకం ఎదురుగా వచ్చి అన్నం వడ్డించినా గుర్తుపట్టడం చేతకాలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని, మింగడం కోసం నీళ్ళు తాగాడు.

మరుసటి వారం చీనీకాయల లారీ లోడు పని పడింది. సంచి భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కున్నాడు. పెంచలమ్మ గేటు ముందర కల్లాపి చల్లుతోంది, తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడింది. నారాయణ గేటు దాటబోయి ఆగాడు.

"పులివెందులకు పోతాండా. ఎర్రగుంట్లలో బస్సు మారతా. సాయంత్రానికి వస్తా. హోటల్‌కు పోను."

ఆమె సరే అన్నట్టు తలూపింది. ఆయన వీధి మలుపు దాకా పోయాడు, అక్కడ నిలబడి ఏదో ఆలోచించాడు, మళ్ళీ వెనక్కు వచ్చాడు.

"పోతే వచ్చి చెప్తా" అన్నాడు.